నీకు జలుబుందేటి?

ఉద్దానంలో ఉన్న మా మావయ్యకి ఫోన్ చేసి ఆదివారం వస్తున్నాను అని చెప్తే, ఎన్ని గంటల బస్సు, పిల్లలు కూడా వస్తున్నారా, ఇవేవీ ముందు అడగడు. "నీకు జలుబుందేటి?" అంటాడు. లేదంటే, "మీ ఇంట్లో ఎవులికైనా?" అంటాడు. ఎవరికీ లేదు మావయ్యా అని చెప్పాక అప్పుడు గొంతు మారుతుంది, "అయితే రా, మీ అత్త చేత పనస పొట్టు కూర చేయిస్తాను" అంటాడు. 2024 సంక్రాంతి నుంచి ఇదే వరస. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో రాద్దామని చాలాసార్లు కూర్చుని లేచిపోయాను, ఎందుకంటే అది నేను చేసిన పనితో మొదలైంది.

మావయ్యకి రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, డయాలసిస్, అంటే కిడ్నీలు చెయ్యాల్సిన పని మిషన్ తో చేయించి రక్తం శుభ్రం చెయ్యడం. మా శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఉద్దానం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు ఊళ్ళు, అనగానే కొబ్బరి, జీడి, పనసతో పాటు గుర్తొచ్చేది ఈ జబ్బే. ఎందుకొస్తోందో ఇన్నేళ్ళయినా, ఎంతమంది వచ్చి నీళ్ళూ మట్టీ రక్తమూ పట్టుకెళ్ళి పరీక్షలు చేసినా, ఇదిగో ఇదే కారణం అని తేల్చినవాళ్ళు లేరు. 2023 డిసెంబరులో పలాసలో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. వైద్యం దగ్గరికొచ్చింది, అది పెద్ద మేలు. కానీ మా మావయ్య లాంటి వాళ్ళ బతుకు మాత్రం ఇంకా మిషన్ తోనే.

ఆ సంక్రాంతికి భోగికి ముందురోజు నాకు గొంతు గరగరలాడింది. పుష్యమాసం మంచు కదా, మంచు పట్టిందనుకున్నాను. శొంఠి కాఫీ తాగి, బ్యాగు సర్దుకుని శ్రీకాకుళం కాంప్లెక్సులో ఇచ్ఛాపురం బస్సు ఎక్కాను. చలికి అందరూ అద్దాలు మూసేశారు. నరసన్నపేట దాటేసరికి దగ్గు మొదలైంది, టెక్కలి దగ్గరికొచ్చేసరికి పక్కాయన జరిగి కూర్చున్నాడు. నా బ్యాగు పక్క జేబులో 2021లో కొన్న మాస్కు ఒకటి ఉంది, నలిగిపోయి, పెన్నుల మధ్య. చెయ్యి దానికి తగిలింది కూడా. అబ్బా, ఇప్పుడెవరు పెట్టుకుంటారు, అనుకుని చేతిరుమాలు తీసుకున్నాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది.

పండక్కి ఇంట్లో పదిహేను మందిమి. రాత్రి హాల్లో చాపలు పరుచుకుని అందరం ఒకచోటే, చలని తలుపులూ కిటికీలూ బిగించేసి. మావయ్య మంచం ఆ హాల్లోనే ఓ మూల. కనుమ నాటికి అత్తకి దగ్గు. నేను తిరిగి శ్రీకాకుళం వచ్చేసిన రెండో రోజు మావయ్యకి జ్వరం. ఆ మర్నాడు డయాలసిస్. వెళ్తే, జ్వరం చూసి టెస్టు చేశారు, కోవిడ్ అని వచ్చింది. పాజిటివ్ ఉన్న మనిషిని మిగతావాళ్ళ పక్కన కూర్చోబెట్టరు, కూర్చోబెట్టకూడదు కూడా. చివరి షిఫ్టులో విడిగా చేస్తాం అన్నారు. ఉదయం ఎనిమిదికి ఎక్కాల్సిన మనిషి రాత్రి పది దాకా బయట బెంచీ మీద. ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఆయాసం, కూర్చుంటే ఆయాసం, మా అత్త వీపు రాస్తూ కూర్చుంది. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆసుపత్రి.

బయటపడ్డాడు. కానీ అంతకుముందు తోటలోకి నడిచి వెళ్ళి కొబ్బరికాయలు లెక్క పెట్టించుకునే మనిషి, ఆ తర్వాత నాలుగు నెలలు వీధి అరుగు దాటలేదు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, మావయ్యా నావల్లే అని ఏదో అనబోతే, "సలికాలం రా, అందరికీ వస్తాయి" అన్నాడు. అత్త అయితే ఆ మాటే రానివ్వలేదు. నిజమే, నావల్లే వచ్చిందని ఎవరూ పరీక్ష చేసి తేల్చలేదు, ఇంట్లో పదిహేను మంది, పిల్లల ముక్కులు ఎలాగూ కారుతూనే ఉన్నాయి. కానీ మొదట దగ్గింది నేను. పక్కాయన జరిగి కూర్చున్నప్పుడే నాకు తెలుసు. తెలిసీ జేబులోది తియ్యలేదు. నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది అదే.

ఇక్కడి నుంచి నా ఆలోచన చెప్తాను.

2020లో, 2021లో మాస్కు అంటే రూలు. పోలీసు ఆపుతాడు, ఫైన్ పడుతుంది, షాపు వాడు లోపలికి రానివ్వడు. 2022 మార్చి 31తో కేంద్రం విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన ఆంక్షలు తీసేసింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసింది అని చెప్పింది. చాలామందిమి దాన్ని వైరస్ పోయింది అని విన్నాం. వాళ్ళు చెప్పింది అది కాదు, ఇది ఇక మనతోనే ఉండే జబ్బు, అత్యవసరంగా కాకుండా మామూలు జబ్బులతో పాటు చూసుకోవాలి అని. ఎండెమిక్ అనే మాట అప్పుడు టీవీల్లో బాగా తిరిగింది, మా ఆఫీసులో ఒకాయన దాన్ని ఎండ్ అయిపోయింది అనే అర్థంలోనే ఇప్పటికీ వాడతాడు. ఎండెమిక్ అంటే ఒక ప్రాంతంలో తిష్ట వేసుకుని, కొన్నాళ్ళు తగ్గి కొన్నాళ్ళు పెరుగుతూ, ఎప్పుడూ ఉండే జబ్బు. చిన్నదా పెద్దదా అనేది ఆ మాటలో లేదు. ఏజెన్సీలో మలేరియా అలాంటిదే. టీబీ అలాంటిదే. మన తీరం ఊళ్ళలో బోదకాలు అలాంటిదే.

బోదకాలు సంగతి ఎందుకు తెచ్చానంటే, మనకి ఈ విషయంలో ఒక పాత అలవాటు ఉంది, అది ఎవరూ గుర్తు చెయ్యరు. ఆశా వర్కర్లు ఇంటింటికీ వచ్చి మాత్రలు ఇచ్చి, ఎదురుగా నిలబడి మింగించే రోజు ఒకటి ఉంటుంది కదా. డీఈసీ, ఆల్బెండజోల్. కాలు వాచిన వాళ్ళకే కాదు, ఏ జబ్బూ లేని వాళ్ళకీ ఇస్తారు. చిన్నపిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకీ తప్ప ఊరందరికీ. మా అమ్మమ్మ ఆ రోజు గొణుక్కునేది, నాకేటి జబ్బు, నాకెందుకు మాత్రలు అని. ఆ వచ్చినామె చాలా ఓపికగా చెప్పేది, అమ్మా, నీ ఒంట్లో పురుగు ఉన్నా నీకు తెలీదు, దోమ నిన్ను కుట్టి ఇంకొకరిని కుడితే వాళ్ళకి పోతుంది, మాత్ర వేసుకుంటే నీ రక్తంలో తిరిగే పిల్ల పురుగులు చస్తాయి, దోమ పట్టుకెళ్ళడానికి ఏమీ ఉండదు అని. అమ్మమ్మ గొణుక్కుంటూనే మింగేది. అంటే ఒంట్లో బాగున్న మనిషి పక్కింటి మనిషి కోసం చేదు మింగడం మన ఊళ్ళకి కొత్త విషయం కాదు. దగ్గొచ్చినప్పుడు మాస్కు కట్టుకోవడానికి ఆ పాటి కష్టం కూడా లేదు.

ఆ అమ్మమ్మ అడ్డపొగ తాగేది. బయట ప్రాంతాల వాళ్ళు నమ్మరు గానీ, చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం మా వైపు ముసలమ్మలకి మామూలే. (నోటి క్యాన్సర్లు వస్తాయి, మా ఇంట్లోనే చూశాం, అది వేరే రాస్తాను.) ఆవిడ గదిలో కూర్చుని చుట్ట కాల్చి లేచి వెళ్ళిపోయిన అరగంటకి మేం వెళ్ళినా, గదిలో మనిషి లేకపోయినా, వాసన మాత్రం అలాగే ఉండేది, చిలక్కొయ్యకి వేలాడే చొక్కాలకి కూడా పట్టేది. అదే వీధి గుమ్మమూ పెరటి గుమ్మమూ తీసి పెడితే రెండు నిమిషాల్లో ఏమీ ఉండేది కాదు. కరోనా అయినా ఫ్లూ అయినా గాల్లో పోయేది ఆ పొగ లాగే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మొదట్లో అందరం సబ్బుతో చేతులు అరగదీసుకున్నాం, కూరగాయలు కడిగాం, అది మంచిదే, కానీ ఈ జబ్బు ముఖ్యంగా వచ్చేది ఊపిరితో. మనం మాట్లాడితే, దగ్గితే, ఊరికే ఊపిరి వదిలినా, కంటికి కనపడని తుంపరలు వస్తాయి. పెద్దవి కింద పడిపోతాయి, సన్నవి పొగలా గదిలో తిరుగుతాయి. మూసిన బస్సు, మూసిన ఏసీ హాలు, పండగ రాత్రి తలుపులు బిగించిన ఇల్లు, మూడూ ఒకటే. అందులో ఒకడికి ఉంటే చుట్ట అందరూ కాల్చినట్టే.

ఇంకో చిక్కుంది. లక్షణాలు బయటపడక ముందు ఒకటి రెండు రోజుల నుంచే అంటించే గుణం ఉంటుంది. కాబట్టి నాకు దగ్గొస్తే పెట్టుకుంటాను అనేది మంచి మొదలే గానీ అదొక్కటే సరిపోదు. కొన్ని చోట్లకి ఒంట్లో బాగున్నా పెట్టుకునే వెళ్ళాలి. నాకు ఆ చోటు ఏదో మావయ్యతో డయాలసిస్ కి వెళ్ళిన రోజున తెలిసింది.

ఆ హాలు ఎప్పుడైనా చూశారా? వరసగా మంచాలు, మంచానికో మిషను, మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా. ముందు బరువు చూస్తారు, క్రితం సారికీ ఇప్పటికీ ఎన్ని కిలోలు పెరిగాడో అంత నీరు తియ్యాలి. మావయ్య ఎడమ మోచేతి దగ్గర ఫిస్టులా ఉంటుంది, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలిపిన చోటు, రక్తనాళం తాడులా ఉబ్బి, దాని మీద చెయ్యి వేస్తే జుయ్యిమని కొట్టుకుంటుంది, అది కొట్టుకుంటోందో లేదో పొద్దున్నే లేవగానే చూసుకోవడం ఆయనకి దేవుడికి దండం పెట్టుకోవడంతో సమానం. రెండు లావు సూదులు గుచ్చుతారు, ఒక గొట్టంలోంచి రక్తం వెళ్తుంది, ఇంకోదాంట్లోంచి వస్తుంది. ఇక నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు. పక్క మంచం మీది ఆమె దగ్గుతుంటే మా మావయ్య లేచి వెళ్ళలేడు, మొహం అటు తిప్పుకోగలడు, అంతే. ఆ రోజు మొహం తిప్పుకోవడం చూశాను.

కరోనా వస్తే ఇంట్లో ఉండు, ఎవరితోనూ కలవకు అని మనం ఎంత తేలిగ్గా చెప్తాం. ఈ మనుషులు ఇంట్లో ఉండలేరు. వచ్చినా రాకపోయినా, ఎల్లుండి మళ్ళీ వెళ్ళి అదే హాల్లో అందరి మధ్యా పడుకోవాలి. పైగా కిడ్నీ పాడైన ఒంటికి జబ్బుని ఎదుర్కొనే శక్తి తక్కువ, టీకా వేయించుకున్నా ఆరోగ్యవంతుడికి పనిచేసినంత పనిచెయ్యదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్న వాళ్ళయితే కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు రోజూ వాడుతూనే ఉండాలి. "నాకేం కాదులే" అని నేను అన్నప్పుడు అది నిజమే, నాకు మూడు రోజులు జలుబు, అయిపోయింది. ఆ వాక్యంలో మావయ్య లేడు. ఉద్దానంలో బస్సెక్కితే ఆ బస్సులో మావయ్య లాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారు, మొహం చూసి పోల్చుకోలేం, పొడుగు చేతుల చొక్కా కింద ఫిస్టులా కనపడదు.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను, డాక్టర్ని కాదు, ఇంట్లో కుదుర్చుకున్న పద్ధతి మాత్రమే. రోడ్డు మీద పెట్టుకోను. పొలంలో, బారువ బీచ్ లో, గాలి ఆడే చోట పెట్టుకోను. గొంతు గరగరమంటే చాలు, అది కరోనానా ఫ్లూనా మంచు జలుబా అని ఆలోచించను. మావయ్యకి వైరస్ పేరుతో పని లేదు, 2009లో స్వైన్ ఫ్లూ అని అంత భయపడ్డది కూడా ఇప్పుడు ఏటా వచ్చే ఫ్లూల్లో కలిసిపోయి తిరుగుతోంది, అదీ ఆయన్ని మంచం పట్టించగలదు. కాబట్టి దగ్గు ఉంటే బయట మూసిన చోట మాస్కు, ఆసుపత్రిలో అడుగు పెడితే ఎలాగూ మాస్కు, మావయ్యని చూడ్డానికి వెళ్ళే రెండు రోజుల ముందు నుంచి బస్సులో, ఆఫీసు మీటింగులో మాస్కు. ఇంట్లో తలుపులు తీసి పెట్టడం. అంతే.

ఏది పెట్టుకోవాలి అని అడుగుతారు. మనకి దగ్గు ఉన్నప్పుడు మామూలు మూడు పొరల సర్జికల్ మాస్కు కూడా చాలా ఆపుతుంది. మనల్ని మనం కాపాడుకోవాలంటే మాత్రం ఎన్95. దాని మధ్య పొరలో దారాలకి స్థిర విద్యుత్తు ఉంటుంది, దువ్వెన తలకి రాసి కాగితం ముక్కల దగ్గర పెడితే లాక్కుంటుందే, అలా సన్న తుంపరల్ని లాక్కుంటుంది. అందుకే దాన్ని సర్ఫు నీళ్ళలో నానబెట్టి ఉతక్కండి, మా ఇంట్లో ఉతికి దండేనికి ఆరేశారు, చూడ్డానికి తెల్లగా కొత్తదానిలా ఉంది, లోపల ఆ గుణం పోయింది. కాగితం కవర్లో పెట్టి, రోజుకొకటి చొప్పున మూడు నాలుగు మార్చి మార్చి వాడుకోవచ్చు. ముందు గుండ్రటి వాల్వు ఉన్నది కొనకండి, అది పీల్చే గాలినే వడకడుతుంది, మనం వదిలేది నేరుగా బయటికి పంపేస్తుంది, అంటే మావయ్యకి పనికిరాదు. పెట్టుకున్నాక ముక్కు మీది తీగని రెండు చేతుల వేళ్ళతో ముక్కు ఆకారానికి నొక్కాలి, ఒక చేత్తో చిటికేస్తే మధ్యలో మడత పడి అక్కణ్ణుంచే గాలి పోతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి సులువు, అద్దాలకి ఆవిరి పట్టిందంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట.

మా ఆఫీసులో మొదటి వారం అందరూ అడిగారు. "ఇంకా ఏటి బాబూ, కరోనా ఎప్పుడో పోయింది కదా" అని. 2025 మే, జూన్ లలో కేసులు మళ్ళీ పెరిగి వార్తల్లోకి వచ్చినప్పుడు మాత్రం రెండు రోజులు నాకంటే ముందు వాళ్ళే పెట్టుకున్నారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, మా ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉన్నారు అంటాను. శ్రీకాకుళంలో ఆ మాటకి ఇంకో ప్రశ్న రాదు. ఎవరో ఒకరు, మా పిన్నికి కూడా అంటారు, మా ఊళ్ళో ఫలానా ఇంట్లో ఇద్దరికి అంటారు, కాసేపు ఇద్దరం ఊరుకుంటాం.

పెట్టుకోని వాళ్ళ మీద నాకు కోపం లేదు, నేనూ పెట్టుకోని మనిషినే. పలాసలో జీడి పిక్కలు కాల్చే బట్టీల దగ్గర, ఆ వేడిలో ఆ పొగలో పనిచేసే ఆడవాళ్ళని రోజంతా ముక్కు కట్టుకోమని చెప్పే నోరు నాకు లేదు. జ్వరమొస్తే ఇంట్లో ఉండమ్మా అని చెప్పడం కూడా అంతే, ఆ రోజు కూలి ఎవరిస్తారు? జబ్బు చేస్తే జీతం కోసుకోకుండా సెలవు దొరికే నా లాంటివాడు దగ్గుతూ ఆఫీసుకి వెళ్తే అది తప్పు, దొరకని మనిషి వెళ్తే ఆ తప్పు ఆ మనిషిది కాదు. బాధ్యత బాధ్యత అని అందరికీ ఒకే కొలత పెట్టి మాట్లాడితే నాకు నచ్చదు. వీలున్నవాళ్ళం ముందు చెయ్యాలి. ఐదు రూపాయల సర్జికల్ మాస్కు జేబులో పెట్టుకుని ఇచ్ఛాపురం బస్సెక్కడానికి నాకు వీలుంది.

పోయిన నెల ఒక శుక్రవారం మావయ్య మందులు పట్టుకెళ్ళాల్సి వచ్చింది, సోంపేటలో దొరకనివి రెండు, శ్రీకాకుళంలోనే దొరుకుతాయి. బయల్దేరిన రోజుకి నాకు దగ్గు మొదలై మూడో రోజు. పంపడానికి వేరే మనిషి లేడు. ఎన్95 పెట్టుకుని, కిటికీ పక్క సీటు చూసుకుని, అద్దం తీసుకుని కూర్చున్నాను, కాశీబుగ్గ దాకా గాలికి కళ్ళలో నీళ్ళు కారాయి. ఫోన్ లో ముందే చెప్పాను, ఉంది మావయ్యా, జలుబుంది అని.

వెళ్ళేసరికి ఆయన పెరట్లో నూతి పక్కన కొబ్బరిచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను ఇంట్లోకి వెళ్ళకుండా పక్క సందులోంచి తిరిగి వెళ్ళి, మందుల కవరు గట్టు మీద పెట్టి, పది అడుగులు వెనక్కొచ్చి పనసచెట్టు మొదట్లో కూర్చున్నాను. అత్త కాఫీ గ్లాసు ఒక స్టూలు మీద పెట్టి, "ఇదేటి బాబూ, పరాయోడి లాగ" అని కళ్ళు తుడుచుకుంది. మావయ్య ఏమీ అనలేదు. కవరు విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాత్రల అట్టా తిప్పి గడువు తేదీ చదువుకున్నాడు. బరువు ఈసారి కిలోన్నరే పెరిగిందని, ఫిస్టులా బాగా కొట్టుకుంటోందని, రెండు చెట్లకి తెల్లదోమ పట్టిందని, గొంతు పెంచి అటునుంచే చెప్పాడు. నేను ఇటునుంచి.

సాయంత్రం బస్సు టైమైందని లేస్తుంటే అడిగాడు, "దగ్గు ఎన్నాళ్ళయింది?"

"మూడు రోజులు."

వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "అయితే వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం రా. పిల్లల్ని తీసుకురా."